అక్షహృదయం

2016వ సంవత్సరంలో వినాయక చవితి సెప్టెంబరు 5న వచ్చింది. తొలి నెలల్లో పూర్తి ఉచితంగానూ, ఆ తరువాత చౌక ధరకూ అంతర్జాలాన్ని అందించిన జియో సేవలు దేశమంతటా ఆనాడే ప్రారంభమయ్యాయి. సరిగా ముప్పై ఆరు రోజుల తరువాత, అక్టోబరు 11న, విజయదశమినాడు తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. రంగారెడ్డి జిల్లా నుండి విడివడి వికారాబాదు ఒక జిల్లాకు కేంద్రమయింది. తాండూరు, పరిగి ప్రాంతాలతోపాటు అంతవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొడంగల్ కూడా అందులో చేరింది. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధమేదీ లేదు. అయినా ఆనాడు పలకా బలపం పట్టిన ఈ ప్రాంతపు పిల్లలు నేడు ఇంటర్మీడియట్ తరగతులలో కూర్చున్నారు. తమ జిల్లా లేని కాలంగాని, అరచేతిలో అంతర్జాలం లేని కాలంగాని వారి జ్ఞాపకంలో లేదు.

వికారాబాదు అనంతగిరి కొండల అంచున ఉన్న పట్టణం. మూసీ నది ఆ కొండలలోనే పుట్టింది. అక్కడి నుండి రైలు మార్గంలో నలభై కిలోమీటర్ల పైచిలుకు పడమటికి సాగితే తాండూరు వస్తుంది. 1874లో వేసిన వాడి - సికింద్రాబాదు రైలుమార్గం ఈ రెండు ఊళ్ళనూ కలుపుతున్నది. తాండూరు నాపరాతికీ, సిమెంటుకూ, కందులకూ పేరు పొందిన ఊరు. ఆ కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంచేత తెలుగు, ఉర్దూ, కన్నడ భాషలు మూడూ ఒకే అంగడిలో వినిపిస్తాయి. రాతి గనులలోనూ, బండలను నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లలోనూ పనిచేసేవారు పొద్దు పొడవగానే ఇల్లు విడుస్తారు. పని కోసం, ఉద్యోగం కోసం రైలెక్కి హైదరాబాదు వెళ్ళేవారు దీపాలు పెట్టిన తరువాత గాని తిరిగి రారు. పిల్లవాడు కళాశాల నుండి వచ్చే వేళకు ఇంట్లో పెద్దవారు ఉండని సాయంకాలాలు ఇక్కడ ఎక్కువ. ఆ సాయంకాలాలలో సెల్‌ఫోన్ ఏ స్థానాన్ని ఆక్రమించిందో తెలుసుకోవడానికి ముందు, అది ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలి.

మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న మొదలయ్యాయి. అటు తరువాత పదేళ్ళకు గాని చిన్న పట్టణాలలో నెట్ సెంటర్లు వ్యాపించలేదు. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున విద్యార్థులు వాటి ముందు గుంపులుగా నిలబడేవారు. హాల్‌టికెట్ నంబరు చెప్పి, రుసుము చెల్లించి, మార్కుల కాగితం పట్టుకొని బయటికి వచ్చేవారు. ఆనాటి అంతర్జాలం ఒక చోటు. దానికొక తలుపు ఉండేది. రాత్రి కాగానే ఆ తలుపు మూసేవారు. గంటకు ఇంత అని డబ్బు అడిగే మనిషి ఒకడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉండేవాడు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక తలుపు పోయింది, వేళ పోయింది, అడిగే మనిషీ పోయాడు.

అయినప్పటికీ చాలా కుటుంబాలలో పిల్లవాని చేతికి ఫోన్ ఇచ్చినది విలాసం కోసం కాదు. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణంగా విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారాల ద్వారానూ, ఆన్‌లైన్ ద్వారానూ పాఠాలు మొదలుపెట్టింది. ఉపాధ్యాయులు వాట్సాప్‌లో పాఠాలు పంపారు, జవాబులు అడిగారు. ఫోన్ లేని పిల్లవాడికి బడి లేనట్లే అయింది. కూలి డబ్బులు కూడబెట్టినవారు, అప్పు చేసినవారు, ఉన్న ఒక్క ఫోన్‌ను ముగ్గురు పిల్లలకు వంతులవారీగా పంచినవారు ఎందరో ఉన్నారు. నిన్న పలకవలె కొనిచ్చిన వస్తువును నేడు విషంవలె లాక్కోవలసి రావడం తల్లిదండ్రులకు ఎంత అయోమయమో, పిల్లలకు కూడా అంతే అయోమయం. గ్రామీణ ప్రాంతాల విద్యాస్థితిపై వెలువడే ‘అసర్’ నివేదిక 2024 సంవత్సరానికి చెప్పిన లెక్కలు గమనింపదగినవి. 14 నుండి 16 ఏళ్ళ వయసు పిల్లలలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం తెలుసు. అలా తెలిసినవారిలో, సర్వేకు ముందటి వారంలో చదువుకు సంబంధించిన పని కోసం దానిని వాడినవారు 57 శాతం; సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం.

ఇంతమంది వాడుతున్నారు గనుక ఇంతమందీ వ్యసనపరులే అనవచ్చునా? అనరాదు. ‘వ్యసనం’ అనే మాటను మన పూర్వులు ఎంతో ఆలోచించి వాడారు. జూదం, మద్యపానం, వేట మొదలైన ఏడింటిని సప్తవ్యసనాలుగా లెక్కించి, అందులో కఠినంగా మాట్లాడడాన్నీ, మితిమీరి దండించడాన్నీ కూడా చేర్చారు. ఈ చివరి రెండూ పెద్దల వ్యసనాలు. ఇంట్లో ఫోన్ గురించి తగవు వచ్చినప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఆధునిక వైద్యంలో ఈ మాట ప్రవేశించిన తీరు విచిత్రమైనది. 1995లో అమెరికాకు చెందిన ఐవాన్ గోల్డ్‌బర్గ్ అనే మనోవైద్యుడు ‘అంతర్జాల వ్యసన రుగ్మత’ అని ఒక పేరు సృష్టించి దాని లక్షణాలు రాశాడు. అది పరిహాసం కోసం రాసినది. కాని చదివినవారిలో కొందరు అవి తమ లక్షణాలేనని నిజంగానే నమ్మారు. దాదాపు అదే కాలంలో కింబర్లీ యంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయాన్ని నిజమైన సమస్యగా స్వీకరించి పరిశోధన ప్రారంభించింది. నవ్వులాటగా పుట్టిన మాట ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఆసుపత్రుల దాకా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మే నెలలో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ అనే రుగ్మతకు చోటు దక్కింది. అంతర్జాలాన్ని అధికంగా వాడడం మొత్తంగా ఒక వ్యాధి అని మాత్రం ఆ సంస్థ ప్రకటించలేదు.

ఆ వర్గీకరణ చెప్పిన లక్షణాలు మూడు. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన అదుపులో లేకపోవడం మొదటిది. చదువు, తిండి, స్నేహం మొదలైనవాటన్నిటికంటే ఆటే ముందు కావడం రెండవది. నష్టం కళ్ళకు కనిపిస్తున్నా మానలేకపోవడం మూడవది. ఇవి సాధారణంగా పన్నెండు నెలల పాటు కొనసాగి, జీవితాన్ని గట్టిగా దెబ్బతీసినప్పుడే వైద్యులు దానిని రుగ్మతగా నిర్ధారిస్తారు. ఇందులో ‘రోజుకు ఇన్ని గంటలు’ అనే లెక్క ఎక్కడా లేకపోవడం గమనించాలి. సెలవుదినాన మూడు గంటలు ఆడి, ఆ తరువాత బంతి పట్టుకొని మైదానానికి పోయేవాడు రోగి కాడు. గంటసేపే ఆడినా, ఆ గంట కోసం అబద్ధం ఆడి, అన్నం మాని, ఉన్న ఒక్క స్నేహితుణ్ణి పోగొట్టుకొన్నవాని విషయంలో ఆలోచించవలసిందే. ఎంతసేపు అనేది ఒక ప్రశ్న. ఆ కాలం దేని దగ్గరి నుండి వచ్చింది అనేది అంతకంటే పెద్ద ప్రశ్న. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇంగ్లండులోని లక్షా ఇరవై వేల మంది పదిహేనేళ్ళ పిల్లలను పరిశీలించిన ప్రిజిబిల్‌స్కీ, వైన్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు మితమైన వాడుక దానంతట అది హాని చేయదని చెప్పారు. మరోవైపు, 2024లో జొనాథన్ హైట్ అనే అమెరికన్ ఆచార్యుడు తన గ్రంథంలో ఒక తరం పిల్లల మనోవ్యధకు స్మార్ట్‌ఫోనే ప్రధాన కారణమని వాదించాడు. ఆయన వాదాన్ని తోటి శాస్త్రవేత్తలే కొందరు అంగీకరించలేదు. దిగులు ఉన్న పిల్లవాడు ఫోన్‌ను ఆశ్రయించాడా, ఫోన్ వల్లనే దిగులు పుట్టిందా అనేది వారి ఆక్షేపణ. చాలా ఇళ్ళలో రెండూ కలిసి ఒకదానినొకటి పెంచుకొంటూ పోతాయి.

మహాభారతం అరణ్యపర్వంలో ఒక సన్నివేశం ఉన్నది. జూదంలో సర్వం పోగొట్టుకొని అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడనే మహర్షి నలుని కథ చెబుతాడు. నన్నయ ఈ కథను తెలుగు చేశాడు. నిషధ దేశపు రాజైన నలుడు గుణవంతుడు, విద్వాంసుడు. అతనిలో ప్రవేశించడానికి కలి ఏళ్ళ తరబడి కాచుకొని ఉంటాడు. ఒకనాడు కాళ్ళు కడుక్కోవడంలో జరిగిన చిన్న ఏమరుపాటు అతనికి దారి అవుతుంది. ఆ తరువాత నలుడు తమ్ముడైన పుష్కరునితో పాచికలు ఆడడానికి కూర్చుంటాడు. ఆట నెలల తరబడి సాగుతుంది. మంత్రులు, పౌరులు వచ్చి రాచనగరు వాకిట నిలబడతారు. దమయంతి కన్నీటితో లోపలికి వెళ్ళి, ప్రజలు నీ దర్శనం కోరి వచ్చారని చెబుతుంది. నలుడు పలకడు. ఆమె మాట విని తిరస్కరించినట్లు కాదు; ఆ మాట అతని దాకా చేరనే లేదు.

అన్నానికి పిలిచి పిలిచి గడప దగ్గర నిలబడిపోయిన తల్లులకు ఈ సన్నివేశాన్ని ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ‘వినబడుతూ కూడా పలకడం లేదు’ అని తల్లి అనుకొంటుంది. పిల్లవానికి నిజంగానే వినబడి ఉండకపోవచ్చు.

మందలింపు మాట కూడా చేరనంతటి ఆకర్షణ ఆ తెరకు ఎక్కడిది? దానికి సమాధానం అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలలో దొరుకుతుంది. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ రాలితే పావురం కడుపు నిండగానే ఆగిపోతుంది. ఎన్నవసారి పొడిస్తే గింజ రాలుతుందో తెలియకుండా ఏర్పాటు చేస్తే, అది విసుగు లేకుండా పొడుస్తూనే ఉంటుంది. జూదశాలలోని యంత్రం రహస్యం ఇదే. వేలితో తెరను పైకి తోసిన ప్రతిసారీ నచ్చే దృశ్యం రాదు. ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ ‘ఎప్పుడో’ కోసమే వేలు ఆగదు. పూర్వం పుస్తకానికి అధ్యాయం ముగింపు ఉండేది, పత్రికకు చివరి పుట ఉండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే నిపుణుడు అడుగన్నది లేకుండా సాగిపోయే పుటను రూపొందించాడు. తాను చేసిన పనికి తరువాతి కాలంలో అతడే బహిరంగంగా విచారం తెలియజేశాడు. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ గుర్తును ప్రవేశపెట్టింది. తోటివారి మెప్పు కోసం తపించే వయసులో, ఆ మెప్పు అంకెల రూపంలో లెక్కకు వచ్చింది. పదహారేళ్ళ పిల్లకు తన ఫొటో కింద తక్కువగా కనిపించిన అంకె, తరగతి గది అంతా తనను చూసి మొగం తిప్పుకొన్నట్లే ఉంటుంది.

వయసు కూడా ఇందుకు తోడవుతుంది. కోరికను, ఉత్సాహాన్ని రేకెత్తించే మెదడు భాగాలు కౌమారంలో చురుకుగా ఉంటాయి. ముందువెనుకలు ఆలోచించి ‘ఇక చాలు’ అని చెప్పే ముందరి భాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఈ వయసువారికి నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది. వారికి రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్యులు చెబుతారు. కాని ఇంటర్మీడియట్ విద్యార్థికి పొద్దున్నే స్టడీ అవర్ ఉంటుంది. పల్లె నుండి వచ్చేవారు బస్సు అందుకోవడానికి అంతకంటే ముందే లేవాలి. రాత్రి ఒంటిగంట దాకా తెర ముందు గడిపి తెల్లవారుజామున లేచేవానికి చిరాకు, మరపు, ఏడుపు, ఆకలి మందగించడం, దేనిమీదా మనసు నిలవకపోవడం కలుగుతాయి. ఇవే లక్షణాలు మనోవ్యాకులతకు కూడా ఉన్నాయి. అందుచేత అన్నిటికంటే ముందు అడగవలసినది పిల్లవాడు ఎన్ని గంటలు చూస్తున్నాడని కాదు, ఎన్ని గంటలు పడుకొంటున్నాడని.

ఇక ఇంటి సంగతి. తాండూరులో ఒక ఇంటిని ఊహించుకొందాం. తండ్రి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. తల్లి కుట్టుపని చేస్తుంది. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే కొడుకు, తొమ్మిదవ తరగతి చదివే కూతురు ఉన్నారు. తండ్రికి ఫోన్‌లో డబ్బు పంపడం రాదు. కొడుకు పంపి పెడతాడు. కరెంటు బిల్లు కొడుకు కడతాడు. పొలం కాగితాల వివరాలు కొడుకు వెదికి చూపుతాడు. రైలు టికెట్టు కొడుకు తీస్తాడు. ఇంటి వ్యవహారమంతా నడిచే వస్తువు మీద పిల్లవానికి అధికారం, పెద్దవానికి అజ్ఞానం ఉన్నాయి. వ్యవసాయంలో, వడ్రంగంలో, వంటలో తెలిసినవారు పెద్దలు, నేర్చుకొనేవారు పిల్లలు. చరిత్రలో చాలా కాలం అదే క్రమం. ఈ ఒక్క విద్యలో అది తలకిందులయింది. తనకు తెలియని దానిని అదుపు చేయవలసి వచ్చినవాడు సాధారణంగా రెండు పనులలో ఒకటి చేస్తాడు: పూర్తిగా వదిలేస్తాడు, లేదా పూర్తిగా లాక్కొంటాడు. ఒకే తండ్రి సోమవారం వదిలేసి శుక్రవారం లాక్కోవడం కూడా కద్దు. పిల్లలను ఎక్కువగా గాయపరిచేది ఈ రెండవ రకం అనిశ్చితియే. తండ్రి కోపం కూడా ఎప్పుడు రాలుతుందో తెలియని గింజ అవుతుంది.

2019 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒక పదవ తరగతి బాలుడు ఆత్మహత్య చేసుకొన్నాడు. పరీక్షల సమయంలో పబ్జీ ఆడుతున్నందుకు తల్లి మందలించిందని పత్రికలు రాశాయి. చదివినవారిలో కొందరు ‘ఆట చంపింది’ అన్నారు, మరికొందరు ‘తిట్టు చంపింది’ అన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఏ ఆత్మహత్యకూ ఒకే ఒక్క కారణం ఉండదని మనోవైద్యులు చెబుతారు. పిల్లవాని మనసులో ఎన్నాళ్ళ నుండి ఏమి పేరుకొని ఉన్నదో బయటివారికి తెలియదు. ఆ తల్లి చేసినది ఆ రాత్రి మన రాష్ట్రంలో ఎందరో తల్లులు చేసినదే. ఆమెను దోషిగా నిలబెట్టడం క్రూరత్వం అవుతుంది. అదే సంవత్సరం మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడుతున్న విద్యార్థులను అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం వేరే కారణాలపై, అంటే దేశ భద్రతా కారణాలపై, ఆ ఆటను దేశమంతటా నిలిపివేసింది. మరుసటి ఏడాదే అది మరో పేరుతో తిరిగి వచ్చింది.

డబ్బు పెట్టి ఆడే ఆటల విషయం వేరు. వాటిని తెలంగాణ 2017లోనే చట్టరీత్యా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశవ్యాప్తంగా చట్టం చేసింది. ఆస్ట్రేలియా దేశం 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్ళ లోపువారికి సామాజిక మాధ్యమాలలో ఖాతాలు లేకుండా చేసింది. చట్టాలు కావలసినవే. కాని పడుకొనే గదిలో దిండు కింద ఉన్న ఫోన్ దగ్గరికి చట్టం రాలేదు.

ఊహించుకొన్న ఆ ఇంట్లోని కూతురి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆడపిల్లల విషయంలో ఫోన్‌ను లాక్కోవడం తరచుగా శిక్షగా కాక ‘రక్షణ’గా జరుగుతుంది. ఎవడో అపరిచితుడు ఆమె ఫొటోను మార్చి బెదిరించాడనుకొందాం. ఇంట్లో చెబితే ముందు ఫోన్ పోతుంది, తరువాత చదువు పోతుంది, ఆ తరువాత పెళ్ళి మాటలు వస్తాయి అని ఆ పిల్లకు తెలుసు. అందువల్ల చెప్పదు. బెదిరించేవాని బలమంతా ఆ మౌనంలోనే ఉన్నది. తెలంగాణలో 2014 నుండి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉన్నది. ఆ నంబరు దాకా పిల్ల చేరాలంటే, ‘తప్పు నీది కాదు, నీ ఫోన్ నీ దగ్గరే ఉంటుంది, చదువు ఆగదు’ అనే మాట ముందుగానే, ఏ ఆపదా రాని రోజుననే, తల్లిదండ్రుల నోటి నుండి వచ్చి ఉండాలి.

తల్లిదండ్రులు చేయదగిన పనులలో చాలావరకు చిన్నవే. రాత్రివేళ ఇంట్లోని ఫోన్‌లన్నీ ఒకేచోట, పడక గది వెలుపల, ఛార్జింగ్‌కు పెట్టడం అందులో ఒకటి. ‘అన్నీ’ అనే మాట ముఖ్యం. తండ్రి పక్క మీద పడుకొని రీల్స్ చూస్తూ కొడుకును పడుకోమంటే ఆ మాటకు బరువు ఉండదు. నియమాన్ని పిల్లలతో కూర్చుని ఏర్పరచాలి. ఆదివారానికి ఒక లెక్క, పరీక్షల నెలకు ఒక లెక్క ఉండవచ్చు. ఆట మధ్యలో వైరు పీకడం కంటే ‘ఈ ఆట ముగించి రా’ అనడం మేలు. జట్టుగా ఆడే ఆటలో నడుమ లేచి వచ్చినవాణ్ణి అవతలి మిత్రులు తిడతారని పెద్దలకు తెలియదు. ఒక్కసారిగా అంతా మాన్పిస్తే ఆ ఖాళీలో ఏమి పెడతారన్న ప్రశ్న కూడా ఉన్నది. స్నేహితులందరూ తెర లోపలే ఉన్న పిల్లవానికి ఫోన్ తీసివేయడమంటే ఊరి నుండి వెలివేయడమే. సాయంకాలం మైదానం, కొండ దారి, గ్రంథాలయం, పక్కింటి క్యారమ్ బల్ల - ఏదో ఒకటి ముందు దొరకాలి. వీటిలో చాలావాటికి ఖర్చు లేదు, కాని పెద్దవారి తీరిక కావాలి. రాత్రి రైలుకు ఇల్లు చేరే మనిషికి ఆ తీరిక ఎక్కడిదని అడిగితే సూటి సమాధానం లేదు. అయినా రోజుకు అరగంట, అన్నం దగ్గర, ఫోన్ లేకుండా దొరికినా దొరకవచ్చు.

కొన్నిసార్లు ఇవేవీ చాలవు. నెలల తరబడి పిల్లవాడు కళాశాల మాని గదిలోనే ఉండిపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా అన్నా, అది క్రమశిక్షణకు సంబంధించిన సమస్య కాదు. అప్పుడు వైద్య సహాయం కావాలి. ఇక్కడ అనంతగిరి గుర్తుకు వస్తుంది. ఆ కొండ మీద నిజాం పాలనా కాలం నుండి క్షయరోగుల చికిత్సాలయం ఉన్నది. మందులు లేని రోజులలో మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారమే చికిత్సగా ఉండేవి. క్షయ ఉన్నదని తెలిస్తే పిల్లకు సంబంధం రాదని దాచిపెట్టిన కుటుంబాలు ఒకప్పుడు ఉండేవి. దాచినకొద్దీ రోగం ముదిరేది. ఇప్పుడు ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోయారట’ అనే మాటకు జంకి మనోవ్యాధిని దాచేవారు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ సేవలు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా లభిస్తాయి. తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు చేయవచ్చు, విద్యార్థి తానే చేయవచ్చు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో అంతర్జాలపు మితిమీరిన వాడుకకు ప్రత్యేకించిన ‘షట్’ క్లినిక్ 2014 నుండి పనిచేస్తున్నది.

నలుని కథ జూదంతో ముగియలేదు. రాజ్యం పోయి, భార్యకు దూరమై, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజైన ఋతుపర్ణుని దగ్గర అతడు సారథిగా కుదురుతాడు. అంతకాలమూ కలి అతనిలోనే ఉన్నాడు. పాచికలు చేతిలో లేవు, ఆడే సభ లేదు, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా కలి వదలలేదు. ఒకనాడు ఇద్దరూ రథమెక్కి విదర్భకు వేగంగా పోతుండగా, దారిలోని తాని చెట్టుకు ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నవో ఋతుపర్ణుడు చూచిన మాత్రాన చెబుతాడు. నలుడు రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూస్తాడు. లెక్క సరిపోతుంది. తనకు ఆ విద్య నేర్పమని అడుగుతాడు. పాచికల మర్మం తెలిపే ఆ విద్య పేరు అక్షహృదయం. దానికి బదులుగా నలుడు తనకు తెలిసిన గుర్రాల విద్యను, అశ్వహృదయాన్ని, ఇస్తానంటాడు. అక్షహృదయం నేర్చుకొన్న క్షణంలోనే కలి అతని శరీరాన్ని విడిచి బయటికి వస్తాడు. తరువాత నలుడు పుష్కరునితో మరొక్కసారి ఆడి, గెలిచి, రాజ్యం పొంది, తమ్ముణ్ణి క్షమించి పంపుతాడు. కథ చెప్పిన బృహదశ్వుడు ఆ విద్యను ధర్మరాజుకు కూడా ఉపదేశించి వెళ్ళాడు.

తాండూరులోని ఆ ఇంట్లో ఒక ఆదివారం సాయంకాలం తండ్రి ముఖం కడుక్కొని వచ్చి కొడుకు పక్కన చాప మీద కూర్చుంటాడు. కొడుకు గబుక్కున ఫోన్ బోర్లించి పెడతాడు.

“దాస్తవెందుకురా? ఏం ఆట అది? నాకు జర జూపియ్యి.”

“నీకు రాదు నాయినా.”

“రానందుకే అడుగుతున్న.”

కొడుకు కొంతసేపు అనుమానంగా చూస్తాడు. తరువాత ఫోన్ తిప్పి, ఏ గుర్తు నొక్కితే ఏమవుతుందో, ఎవరు మన జట్టో, ఎప్పుడు డబ్బు అడుగుతుందో, ఎందుకు మధ్యలో లేవడానికి వీలుకాదో చెప్పడం మొదలుపెడతాడు. తండ్రి రెండు నిమిషాలలోనే ఓడిపోతాడు. కొడుకు నవ్వుతాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులయింది. లోపలి నుండి తల్లి అన్నానికి పిలుస్తుంది. ఇద్దరికీ వినబడుతుంది.